దిష్టి తీశాం, అంత్రం కట్టించాం. ఇక ఎవరికి చెప్పుకోవాలి?

పాఠకుల ప్రశ్నలు, మానసిక వైద్యుని సమాధానాలు

మనసుకు వచ్చే జబ్బుల గురించి ఇంట్లో, ఊళ్లో మాట్లాడుకోవడంలో ఎదురయ్యే ఇబ్బందులను రాయమని గత సంచికలో పాఠకులను కోరాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటిలో పేరు లేదు, ఊరు మాత్రమే ఉంది. అందులో తప్పేమీ లేదు. వచ్చినవాటిలో కొన్నింటిని కుదించి, మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి, సమాధానాలతో ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు, తిరుపతిలోనే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నాలుగు నెలలుగా కాలేజీకి సరిగా పోవడం లేదు. రాత్రంతా మేలుకొని, పగలు తలుపు వేసుకొని పడుకుంటాడు. పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. ఒక్కోసారి తనలో తానే నవ్వుకుంటాడు. మా అత్తగారు గాలి సోకిందన్నారు. దిష్టి తీశాం, అంత్రం కట్టించాం, అరుణాచలం తీసుకెళ్లి గిరిప్రదక్షిణ చేయించాం. మా ఆయనేమో పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్న సమయంలో ఈ సంగతి బయటికి పొక్కితే ఎలాగని ఎవరికీ చెప్పనివ్వడం లేదు. నేను ఎవరికి చెప్పుకోవాలి?
— ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

సమాధానం: అమ్మా, దిష్టి తీయడం వల్లగాని, గిరిప్రదక్షిణ వల్లగాని అబ్బాయికి ఏ హానీ జరగలేదు. వాటిని నమ్ముకొని డాక్టరు దగ్గరికి వెళ్లకుండా గడిచిపోయిన నాలుగు నెలలే జరిగిన నష్టం. రాత్రి పగలు తారుమారు కావడం, పక్కవాళ్ల మీద అనుమానం, కారణం లేకుండా నవ్వుకోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి కనబడుతున్నప్పుడు ఇక ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకు చూపించాలి. ఉత్తరం చదివి జబ్బుకు పేరు పెట్టడం సరికాదు. గంజాయి అలవాటువల్లా, థైరాయిడ్ తేడాలవల్లా, మెదడుకు వచ్చే మరికొన్ని జబ్బులవల్లా కూడా ఇటువంటి మార్పులు రావచ్చు కాబట్టి డాక్టరు ముందుగా అవి ఉన్నాయేమో పరీక్షిస్తారు. అయితే ఇటువంటి లక్షణాలు ఎక్కువగా 15 నుంచి 25 ఏళ్ల వయసులోనే మొదలవుతాయనీ, వైద్యం మొదలుపెట్టడం ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టమవుతుందనీ మాత్రం కచ్చితంగా చెప్పవచ్చు.

ఎవరికి చెప్పుకోవాలన్నది మీ అసలు ప్రశ్న. నోరు విప్పి మాట్లాడమని మా వంటివాళ్లం చెబితే, వీధిలో చాటింపు వేయమన్నట్లు చాలామంది అర్థం చేసుకొని భయపడుతున్నారు. మీరు ఇప్పుడు చెప్పవలసినవాళ్లు నలుగురే. మొదటివారు డాక్టరు, ఆయనకు దాచకుండా అన్నీ చెప్పాలి. రెండోవారు మీ వారు. ‘వాడికి ఏదో అయింది’ అంటే ఆయన తోసిపుచ్చుతారు. ఏ నెలలో నిద్ర చెడింది, ఏ రోజు ఏమన్నాడు, ఎప్పటి నుంచి స్నానం మానేశాడు అన్నవి ఒక కాగితం మీద తేదీలతో రాసి ఆయన ముందు పెట్టండి. అదే కాగితం డాక్టరుకూ ఎంతో పనికొస్తుంది. మూడోవారు మీ అత్తగారు. ఆమెతో వాదనకు దిగకండి. చేతికి అంత్రం ఉన్నా మాత్ర పనిచేస్తుంది కనుక దాన్ని విప్పించవలసిన అవసరం లేదు. నాలుగోవారు కాలేజీలో అబ్బాయి మంచిచెడ్డలు చూసే లెక్చరరు. అనారోగ్యానికి వైద్యం జరుగుతోందని సర్టిఫికెట్ ఇస్తే హాజరు సంగతి మాట్లాడుకోవచ్చు. జబ్బు వివరాలు ఆయనకు అక్కరలేదు. పెద్దమ్మ, చిన్నాన్న, ఎదురింటావిడ వీళ్లెవరికీ మీరు సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని లేదు. ఎవరైనా అడిగితే ‘ఒంట్లో బాగాలేదు, వైద్యం చేయిస్తున్నాం’ అనండి. అందులో అబద్ధం లేదు.

అబ్బాయిని బయలుదేరదీయడానికి మాత్రం అబద్ధం ఆడవద్దు. బంధువుల ఇంటికని చెప్పి ఆసుపత్రి ముందు ఆటో దింపితే, అప్పటికే అందరినీ అనుమానిస్తున్న పిల్లవాడికి ఆ అనుమానం మీ మీద స్థిరపడిపోతుంది. ‘పక్కింటివాళ్లు నిన్నేమీ అనలేదురా’ అని వాదించినా, ‘అవును, వాళ్లంతే’ అని వంతపాడినా ఉపయోగం లేదు. ‘వాళ్ల సంగతి నాకు తెలియదు నాయనా, నువ్వు నెలల తరబడి నిద్రపోవడం లేదని మాత్రం నాకు కనబడుతోంది, నిద్రకోసం డాక్టరును చూద్దాం రా’ అనండి. నిద్ర లేకపోవడం అతనికి కూడా బాధగానే ఉంటుంది కాబట్టి ఆ మాటకు సాధారణంగా లేచి వస్తారు.

మీకు దగ్గరలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్లు చాలామంది వేలూరు సీఎంసీవారి బాగాయం మానసిక వైద్య కేంద్రానికి వెళ్తుంటారు. రోగితోపాటు ఇంటి మనుషులు కూడా అక్కడే ఉండి, జబ్బు గురించి తెలుసుకొని, ఎలా చూసుకోవాలో నేర్చుకొనే పద్ధతి ఆ కేంద్రంలో ఎంతోకాలంగా నడుస్తోంది. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సలహా సేవ నంబరు అది. ఖర్చు లేకుండా రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక పెద్దమ్మాయి పెళ్లి. మీ వారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, మన వైపు సంబంధాల దగ్గర ఇటువంటి ఆరాలు తీస్తారన్నది నిజమే. కానీ గది తలుపు వేసుకొని నాలుగు నెలలుగా బయటికి రాని పిల్లవాడి గురించి ఊరు ఇప్పటికే ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటుంది. వైద్యం చేయించుకొని తిరిగి కాలేజీకి వెళ్లే తమ్ముడు ఆ అమ్మాయి పెళ్లికి అడ్డం కాదు, వైద్యం లేక ముదిరిపోయిన జబ్బే అడ్డమవుతుంది. ఒకవేళ అబ్బాయిది స్కిజోఫ్రెనియా (లేనిపోని అనుమానాలు, భ్రమలు కలిగించే తీవ్రమైన మనసు జబ్బు) అనే తేలినా, తోబుట్టువులకు అది వచ్చే అవకాశం సుమారు నూటికి పది, అంటే 10 మందిలో 9 మందికి రాదు.

ప్రశ్న: మా ఆయన పదిహేనేళ్లుగా రోజూ తాగేవారు. కాణిపాకంలో స్వామి ఎదుట ఇక ముట్టనని ప్రమాణం చేశారు, అన్నట్లే మానేశారు. మరునాడు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. మా ఊరి ఆర్‌ఎంపీ గ్లూకోజు పెట్టారు. మూడోనాటి రాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయని అరిచి, మమ్మల్నే గుర్తుపట్టలేదు, ఫిట్స్ కూడా వచ్చాయి. 108లో ఆసుపత్రికి తీసుకుపోతే వారం రోజులకు కుదుటపడ్డారు. చాటుగా తాగి ప్రమాణం తప్పాడు, అందుకే స్వామి శిక్షించాడని ఊళ్లో అంటున్నారు. ఆయన తలెత్తుకోలేకపోతున్నారు.
— ఒక సోదరి, పలమనేరు

సమాధానం: ఊరు అనుకుంటున్నదానికి జరిగింది పూర్తిగా విరుద్ధం. ఆయన ప్రమాణం తప్పి ఉంటే ఈ జబ్బు వచ్చేదే కాదు. మాట నిలబెట్టుకొని ఒక్కసారిగా మానేశారు కాబట్టే వచ్చింది. ఈ వాక్యాన్ని మీ ఇంటికి వచ్చిన ప్రతివారికీ మొహమాటం లేకుండా చెప్పండి. ఈ ఒక్క సంగతిలో నేను గుట్టును ఏమాత్రం సమర్థించను, ఎందుకంటే మీ ఊళ్లోనే రేపు మరొకరు ప్రమాణం చేసి వచ్చి ఇదే ప్రమాదంలో పడవచ్చు.

ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు మద్యం కలిగించే మత్తును తట్టుకొని పనిచేయడానికి అలవాటు పడుతుంది. ఆ మత్తును హఠాత్తుగా తీసేస్తే మెదడు పట్టు తప్పి విపరీతంగా ఉద్రేకపడుతుంది. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతి వచ్చినట్లు ఉండటం, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మనుషులు, సమయం, చోటు తెలియని స్థితి వస్తుంది. పాములు, పురుగులు కనబడతాయి, జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. దీన్ని డెలీరియమ్ ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. గాలి సోకిందని ఇటువంటివారిని మంత్రగాళ్ల దగ్గర కూర్చోబెట్టడం వల్ల పోయిన ప్రాణాలు మన పల్లెల్లో తక్కువేమీ కాదని నా అభిప్రాయం. గ్లూకోజు గురించి కూడా చెప్పాలి. దీర్ఘకాలం తాగినవారిలో బి1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో అయితే ముందు బి1 ఇచ్చి, ఉద్రేకాన్ని అణిచే మందులను మొదట ఎక్కువ మోతాదులో వాడి క్రమంగా తగ్గిస్తారు.

కాణిపాకం వరసిద్ధి వినాయకుని ఎదుట ప్రమాణం చేసి తాగుడు మానినవారు మన జిల్లాలో ఎంతోమంది ఉన్నారు. ఆ సంకల్పబలాన్ని ఏ మాత్రా ఇవ్వలేదు. నేను చెప్పేదల్లా ప్రమాణానికి ముందుగా డాక్టరును కలవమని. రోజూ తాగే మనిషి, ముఖ్యంగా పొద్దున లేవగానే చేతులు వణికి ఒక గుక్క పడితేగాని కుదుటపడని మనిషి, సొంతంగా మానేయకూడదు. ఇక మీ వారు తలవంచుకోవలసిన పని లేదు. తిరిగి తాగాలన్న యావను తగ్గించే మందులు ఉన్నాయి, వాటిని డాక్టరు చూసి రాసిస్తారు. తాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు డబ్బు కట్టనక్కరలేదు, ఇంటిపేరు చెప్పనక్కరలేదు. వ్యసనాల విషయంలో సలహాకు 14446 నంబరు ఉంది. సాంబారులో, మజ్జిగలో తెలియకుండా కలిపితే తాగుడు మానిపిస్తుందని అమ్మే పొడులను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. అందులో డైసల్ఫిరామ్ వంటి మందు ఉంటే, సంగతి తెలియని మనిషి బయట తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: డిప్రెషన్‌కు ఎనిమిది నెలలుగా మాత్రలు వాడుతున్నాను. ఇప్పుడు బాగున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను. ఇంట్లో పెళ్లిచూపులు ఏర్పాటు చేస్తున్నారు. అమ్మాయికి చెప్పాలా? చెబితే ఒప్పుకుంటారా? మాత్రలు మానేసి, ఏమీ వాడటం లేదని చెప్పవచ్చునా?
— ఒక యువకుడు, చంద్రగిరి

సమాధానం: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. అలా చెప్పుకోవడం కోసం మాత్రలు మానేయకండి. పెళ్లి హడావుడిలో జబ్బు తిరగబెడితే మీరు దాచాలనుకున్నది పందిట్లోనే బయటపడుతుంది. ఎప్పుడు, ఎలా తగ్గించాలన్నది మీ డాక్టరు నిర్ణయించాలి.

అమ్మాయికి చెప్పాలి. పెళ్లిచూపుల రోజు కాఫీ కప్పు అందుకుంటూ చెప్పే మాట కాదిది, మధ్యవర్తికి చెప్పి పంపవలసిన మాట అంతకన్నా కాదు. ఇద్దరికీ ఇష్టమై, తాంబూలాలు మార్చుకోవడానికి ముందు ఇద్దరూ విడిగా మాట్లాడుకొనే అవకాశం వచ్చినప్పుడు మీ నోటితో మీరే చెప్పండి. ‘పోయిన ఏడాది నాకు డిప్రెషన్ వచ్చింది. డాక్టరు దగ్గరికి వెళ్లాను, మాత్రలు వాడుతున్నాను, ఇప్పుడు బాగున్నాను. మీకేమైనా అడగాలనిపిస్తే అడగండి. మీరు కోరితే డాక్టరుతో కూడా మాట్లాడించగలను.’ ఇంత చాలు. కాలేజీ రోజుల నుంచి కథంతా ఏకరువు పెట్టనక్కరలేదు.

చట్టం కూడా చెబుతాను. డిప్రెషన్‌కు వైద్యం చేయించుకొని కోలుకున్నవారు పెళ్లికి అనర్హులని 1955 నాటి హిందూ వివాహ చట్టం ఎక్కడా చెప్పలేదు. సమ్మతి తెలపలేని స్థితి, దాంపత్యానికి తగని తీవ్రమైన మానసిక వ్యాధి వంటివాటినే అది ప్రస్తావించింది. అయితే ముఖ్యమైన విషయాన్ని మోసపూరితంగా దాచి సమ్మతి పొందితే ఆ వివాహాన్ని రద్దు చేయమని అవతలివారు కోర్టుకు వెళ్లడానికి అదే చట్టం 12వ సెక్షన్ అవకాశం ఇస్తోంది. చెప్పడం వల్ల ఒక సంబంధం తప్పిపోవచ్చు. తప్పిపోతుందని నాకు తెలిసే చెప్పమంటున్నాను. చెప్పిన తర్వాత ఒప్పుకొన్న మనిషి ఇంట్లో మాత్రల డబ్బాను బీరువా వెనుక దాచుకొని బతకవలసిన అవసరం ఉండదు.

ఇదే ప్రశ్న ఒక అమ్మాయి అడిగి ఉంటే మరొక మాట కలిపేవాణ్ని. బైపోలార్ వ్యాధికి (కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు దిగులు కలిగే జబ్బుకు), ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ వంటి మందులు గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి కనుక గర్భం రావడానికి ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి. అత్తవారింటికి తెలియకూడదని మందుల సంగతి దాచిపెట్టి, గర్భం వచ్చాక ఒక్కసారిగా మానేసి జబ్బు తిరగబెట్టించుకొని వచ్చే అమ్మాయిలను మేం చూస్తూనే ఉన్నాం.

ప్రశ్న: జూనియర్ కాలేజీలో అధ్యాపకురాలిని. హాస్టల్ పిల్లల్లో ఒకరిద్దరి తీరు చూస్తే చనిపోవాలన్న ఆలోచన ఉందేమోనని భయం వేస్తోంది. నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని సహోద్యోగులు అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక అధ్యాపకురాలు, తిరుపతి

సమాధానం: అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఆ ఆలోచనతో ఉన్న పిల్లలకు, దాన్ని పైకి చెప్పుకోగలిగిన మనిషి ఒకరు దొరికారన్న ఊరట కలుగుతుంది. పదిమంది లేనిచోట, తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చొని అడగండి. ‘ఈ మధ్య నువ్వు భోజనానికి రావడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. బతకడం ఎందుకు అనిపిస్తోందా, చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?’ అని సూటిగానే అడగాలి. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా’ అంటే లేవనే చెబుతారు.

అవునంటే కంగారుపడవద్దు, తల్లిదండ్రుల త్యాగం గురించి ఉపన్యాసం ఇవ్వవద్దు. తాను ఎంత భారమో అని కుమిలిపోతున్న పిల్లకు అది మరింత బరువవుతుంది. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు, ‘అవసరమైనవాళ్లకు తప్ప మరెవరికీ చెప్పను’ అనండి. ఒంటరిగా వదలకండి, అప్పటికప్పుడు 14416కు కలిపి మీరు పక్కనే ఉండి మాట్లాడించండి, అదే రోజు ఇంటివాళ్లను పిలిపించి డాక్టరుకు చూపించండి. ఇంటికి పంపేటప్పుడు, పొలం మందులు, మాత్రలు వంటివి తాళం వేసి ఉంచమని తల్లిదండ్రులకు మరీ మరీ చెప్పండి. ఇంటర్ ఫలితాలు వచ్చే వారంలో ఈ జాగ్రత్త ప్రతి ఇంటికీ అవసరం.

మరొకటి. ఆత్మహత్యా ప్రయత్నం చేసి ఆసుపత్రికి వచ్చినవారి ఇంటివాళ్లు క్యాజువాల్టీలో ‘చీకట్లో మంచినీళ్లనుకొని తాగేసింది’ అని చెబుతారు. పోలీసు కేసు అవుతుందన్న భయమే దానికి కారణం. డాక్టరు ఆ మాట నమ్మితే ఒంటికి వైద్యం చేసి ఇంటికి పంపేస్తారు, మనసు సంగతి ఎవరూ అడగరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, విచారించి శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ఆసుపత్రివాళ్లు పోలీసులకు సమాచారం ఇవ్వడం వేరు, శిక్ష పడటం వేరు. కాబట్టి ఉన్నమాట చెప్పమని తల్లిదండ్రుల సమావేశంలోనే ముందుగా చెప్పి ఉంచండి.

ప్రశ్న: మనసు జబ్బులకు ఇచ్చే మందులు ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలవంటారు. నిజమేనా?
— విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు

సమాధానం: అన్ని మందులనూ ఒకే గాటన కట్టకూడదు. అల్ప్రజోలమ్ వంటి నిద్రమాత్రలు చీటీ లేకుండా నెలల తరబడి కొనుక్కొని వాడితే అలవాటవుతాయి. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి ఆ రకం కాదు. అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, గుణం కనిపించిన తర్వాత కూడా ఆరు నెలలకు తగ్గకుండా వాడి, డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకోవాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి. దాన్నే జనం వ్యసనమనుకుంటారు. స్కిజోఫ్రెనియా, బైపోలార్ వంటివాటికి కొందరు ఎక్కువకాలం వాడవలసి ఉంటుంది. మీరు బీపీ మాత్ర వేసుకుంటూ ఉంటే ఆ సంగతి నేను వివరించనక్కరలేదు.

ప్రశ్న: మా ఊళ్లో ఒకాయన్ను అన్నదమ్ములు పదేళ్లుగా పశువుల కొట్టంలో గొలుసు వేసి ఉంచారు. విప్పితే ఊరి మీద పడి కొడతాడంటారు. అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు మా యువకులం ఒక అవగాహన సభ పెట్టాలనుకుంటున్నాం. ఆ పేరుతో పెడితే ఎవరూ రారని ఆడవాళ్లు అంటున్నారు. సలహా ఇవ్వండి.
— యువజన సంఘ సభ్యులు, గంగాధర నెల్లూరు మండలం

సమాధానం: సభ సంగతి తర్వాత, ముందు గొలుసు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక ఆశ్రమంలో మంటలు అంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది రోగులు చనిపోయారు. మనసు జబ్బు ఉన్న మనిషిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో హింసకు, నిర్లక్ష్యానికి గురవుతున్న రోగి గురించి ఎవరైనా పోలీసులకు తెలియజేయవచ్చు, పోలీసులు మెజిస్ట్రేటుకు నివేదించాలి.

అయితే మీరు నేరుగా స్టేషనుకు వెళ్లకండి. పదేళ్లుగా ఆయనకు రోజూ కంచంలో అన్నం పెడుతున్నది ఆ అన్నదమ్ముల ఇంటివాళ్లే. వాళ్లకు వైద్యం దొరుకుతుందన్న ఆశ చచ్చిపోయి ఉంటుంది. ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును వెంటబెట్టుకొని వెళ్లి, ఆసుపత్రికి మేం తీసుకుపోతాం, అక్కడ ఉండటానికి వంతులు వేసుకుంటాం అని చెప్పండి. మాత్రలు వేసుకోనని మొరాయించేవారికి నెలకొకసారి వేసే ఇంజక్షన్లు ఉన్నాయన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. ఇంత చెప్పినా వాళ్లు కదలకపోతే అప్పుడు చట్టం ఎలాగూ ఉంది.

సభ విషయంలో మీ ఊరి ఆడవాళ్లు చెప్పినదే సరైనది. మైకు పెట్టి ‘మానసిక రోగులారా, దాచుకోకండి’ అంటే ఉన్నవాళ్లు కూడా లేచిపోతారు. బీపీ, షుగరు పరీక్షల శిబిరం పెట్టి, ఆ వరుసలోనే నిద్ర ఎలా పడుతోంది, ఆకలి ఉందా, రెండు వారాలుగా దేని మీదా మనసు పోకుండా ఉందా అని అడిగే నర్సునొకరిని కూర్చోబెట్టండి. బాలింతలను విడిగా అడగమనండి, కాన్పు తర్వాత వచ్చే దిగులును ఒళ్లు బలిసిన వేషాలుగా తిట్టే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. కోలుకున్నవారిని వేదిక ఎక్కించి అనుభవం చెప్పమని ఒత్తిడి చేయకండి. తమంతట తాము ముందుకొస్తే సంతోషం. ఎవరి జబ్బు సంగతి చెప్పుకోవాలో వద్దో నిర్ణయించే హక్కు వారిదే.

గంగ జాతరలో పూనకాలు వచ్చేవాళ్లను కూడా రోగులని అనాలా అని అడిగేవారు సభలో తప్పకుండా ఉంటారు. అనకూడదు. జాతర పూట డప్పు మోగినప్పుడు వచ్చి, హారతి ఇచ్చాక దిగిపోయి, మరునాడు ఎప్పటిలాగే పొలం పనికి వెళ్లిన మనిషిని డాక్టరుకు చూపించవలసిన పని లేదు. జాతర అయిపోయి నెల దాటినా దిగకుండా, నిద్రాహారాలు మాని, పిల్లలను పట్టించుకోకుండా ఉంటేనే అది జబ్బు.

వైద్యం లేకుండా ఉండిపోయినవారు ఎంతమందో కూడా సభలో చెప్పండి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అంతమాత్రాన మన పరిస్థితి వేరుగా ఉంటుందని నేను అనుకోను.

ప్రశ్న: మా అమ్మాయి మానసిక వైద్యానికి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అయిన ఖర్చును ఆరోగ్య బీమా సంస్థ ఇవ్వనంది. అడగడానికి పరువు అడ్డమొస్తోంది. అడగవచ్చునా?
— ఒక తండ్రి, శ్రీకాళహస్తి

సమాధానం: తప్పకుండా అడగండి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్, ఒంటి జబ్బులకు ఏ ప్రాతిపదికన బీమా ఇస్తారో మనసు జబ్బులకు కూడా అదే ప్రాతిపదికన ఇవ్వాలని చెప్పింది. ఆ ప్రకారం నడుచుకోవాలని బీమా నియంత్రణ సంస్థ కూడా 2018 ఆగస్టులోనే కంపెనీలను ఆదేశించింది. ఇవ్వకపోవడానికి కారణమేమిటో కాగితం మీద రాసివ్వమనండి. పాలసీ మొదలై ఎంతకాలమైంది, వేచి ఉండవలసిన గడువు ఏమైనా ఉందా అన్నవి పాలసీ పత్రంలో చూసుకోండి. వారు చెప్పిన కారణం మానసిక వ్యాధి కావడం ఒక్కటే అయితే, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బీమా ఫిర్యాదులను విచారించి తీర్చే బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. అంబుడ్స్‌మన్‌కు ఫీజు కట్టనక్కరలేదు, వకీలును పెట్టుకోనక్కరలేదు. డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, తిరస్కరణ లేఖ నకళ్లు జతచేస్తే చాలు.